పాలు పొంగించిన డేరా

మొన్న మా బడికి కొత్త డేరాలు వచ్చాయి. జనగామలో నేను పాఠాలు చెప్పే ఈ బడి నుంచి ఆడపిల్లల్ని క్యాంపుకు తీసుకెళ్లాలి. పిల్లలు ఒక డేరాను మైదానంలో నిలబెట్టి, పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఊదుబత్తులను గుడ్డకు మరీ దగ్గరగా గుచ్చారు. కాసేపటికి కాలిన నైలాన్ వాసన కిటికీలోంచి వచ్చి నా ముక్కుకు తగిలింది. తిట్టడానికే లేచాను గానీ, ఆ వాసన వెంట పొంగిన పాల వాసన కూడా గుర్తొచ్చి అక్కడే నిలబడిపోయాను.

మాది నెల్లికుదురు. తెలంగాణ కోసం అందరూ పనులు మాని రోడ్డెక్కిన ఆ ఏడు నేను ఎనిమిదో తరగతి. బడులు లేవు, బస్సులు లేవు. గునుగూ తంగేడు పూలూ కోసుకొచ్చి రోడ్డు మీదే బతుకమ్మలాడేవాళ్లం, రోడ్డు మీదే రాళ్లు పేర్చి వండుకున్న వేడివేడి అన్నాన్ని విస్తళ్లలో తినేవాళ్లం, ఇంటికొచ్చాక సత్తుపిండి ముద్దల కోసం కొట్లాడుకునేవాళ్లం. మా బాపు బస్సు కండక్టరు. ఏ పండక్కీ ఇంట్లో ఉండని మనిషి సమ్మె పుణ్యమా అని రోజంతా మా కళ్ల ముందే తిరుగుతుంటే, ఉద్యమం మాకోసమే వచ్చిందనుకున్నాను. మా నాయనమ్మను మేమందరం అవ్వ అనేవాళ్లం. ఆమె బస్టాండు దగ్గర పెద్ద నల్ల గొడుగు పాతుకుని, దాని నీడన సీతాఫలాలు అమ్మేది. కర్ర పిడి ఉన్న ఆ గొడుగే ఆమె దుకాణం. దాన్ని మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు.

బడులు తెరవగానే భూపాలపల్లి అవతల అడవి అంచున పిల్లల క్యాంపు ఉందని మా బడివాళ్లు చెప్పారు. మగపిల్లలకు డేరాలున్నాయి, ఆడపిల్లలకు లేవు, అందుకని ఆడపిల్లలు రానక్కర్లేదు. ఈ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. మా ఆటల టీచరమ్మను నలుగురం పట్టుకుని వదలకపోతే, "డేరా మీరే తెచ్చుకోండ్రి. నేనొచ్చి చూస్త. మంచిగుంటేనే తీస్కపోత" అంది.

జనగామలో మీటింగుకు వెళ్లిన బాపు, అంగట్లో పాత సామాన్లమ్మే ఆయన దగ్గర ఒక డేరా కొని, పత్తి లారీ ఎక్కి తెచ్చాడు. మూట విప్పితే ముక్కిన వాసన, ఎండుటాకులు, ఒక చచ్చిన తేలు. రెండు కర్రలుండాల్సిన చోట ఒకటే ఉంది. రెండోదానికి బాపు జెండా కట్టిన వెదురు కర్రను తెచ్చాడు. మా వాకిట్లో నాలుగు సార్లు నిలబెడితే నాలుగు సార్లూ కూలింది. ఐదోసారి నిలబడింది. మధ్యాహ్నం రమ్మని టీచరమ్మకు కబురు పెట్టి, బాపు మేకులు తేవడానికి వెళ్లాడు, నేను స్నేహితుల్ని పిలవడానికి పరుగెత్తాను.

మేం వచ్చేసరికి అవ్వ డేరా ముందు అలికి ముగ్గేసింది. లోపల మూడు రాళ్లు పెట్టి, పిడకలు అంటించి, చిన్న గిన్నెలో పాలు కాస్తోంది. పాలు పొంగాయి. పిడక మంట కూడా లేచింది. పైగుడ్డ చురుక్కున ముడుచుకుపోయి, చూస్తుండగానే పళ్లెమంత బొక్క పడింది.

"ఏంది అవ్వ గిది!" బాపు మేకులు కిందపడేశాడు.

"ఆడపిల్లలు నాలుగు రోజులు పండుకునే ఇల్లు. పాలు పొంగియ్యకుంట ఎట్ల పంపుతర్రా?" అంది అవ్వ. కానీ గొంతులో మునుపటి దబాయింపు లేదు.

నేను నేల మీద పడి ఏడ్చాను. అవ్వ మీద అంత కోపం నాకు ఇంకెప్పుడూ రాలేదు. అంతా నువ్వే చెడగొట్టినవ్ అని అరిచాను. ఆమె లేచి లోపలికి వెళ్లి, గొడుగూ కత్తెరా పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుంది. బాపు "వద్దవ్వా" అంటూనే ఉన్నాడు, కత్తెర ఆగలేదు. గొడుగు నల్లగుడ్డను కోసి బొక్కకు నైలాన్ దారంతో కుట్టి, కుట్ల మీద సైకిలు ట్యూబులకు పూసే సొల్యూషన్ బాపుతో పూయించింది.

టీచరమ్మ వచ్చింది. నల్ల అతుకు చూసి, "వానొస్తే ఎట్లవ్వా?" అంది.

అవ్వ డేరాలో దూరి, సరిగ్గా ఆ అతుకు కింద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. "రెండు బిందెలు పోయుండ్రి. నా నెత్తి మీద ఒక్క సుక్క పడితే నేనే వద్దంట" అంది లోపలి నుంచి.

బాపు పోశాడు. ముగ్గంతా కొట్టుకుపోయింది. అవ్వ పొడి తలతో బయటికొచ్చి టీచరమ్మ చెయ్యి పట్టుకుని తన నెత్తి మీద పెట్టించింది. ఆ చెయ్యి అక్కడ ఉండగానే టీచరమ్మ నవ్వి, "సరే, తయారుగుండ్రి" అంది.

క్యాంపులో రెండో రోజు ముసురు పట్టింది. మగపిల్లల డేరాలు రెండు కారాయి, మాది కారలేదు. నలుగురం ఆ అతుకు కిందే ముడుచుకుని, బడాయిగా పాటలు పాడుకున్నాం. నాలుగో రోజు బస్సు దిగేసరికి నెల్లికుదురులో ఎండ నిప్పులు చెరుగుతోంది. అవ్వ ఎప్పటి చోటే ఉంది. గొడుగు ఊచలకు చినుగుల చీర కట్టుకుని, దాని చిల్లుల నీడలో చెమటలు తుడుచుకుంటూ కాయలు అమ్ముతోంది. నన్ను చూడగానే అడిగిన మాట ఒకటే: "కారిందా బిడ్డ?"

కారలేదని చెప్పాను. అరిచినందుకు తప్పయిందని మాత్రం చెప్పలేకపోయాను.

ఇప్పుడు అవ్వ లేదు. ఆ వాకిట్లో పత్తి మూటల గోదాము లేచింది. డేరాను ఎప్పుడు ఎవరికిచ్చామో బాపుకు గుర్తు లేదు. కర్ర పిడి గొడుగులు అంగట్లో కూడా కనిపించడం లేదు.

"ఇది పాడైంది మేడం, పక్కకు పెడదాం. ఒక నలుగురం ఆగిపోతం" అంది ఊదుబత్తి గుచ్చిన పిల్ల, కాలి బొక్కపడిన కొత్త డేరాను నా ముందుకు తెచ్చి, తల వంచుకుని.

"ఎవ్వరూ ఆగేది లేదు. కత్తెర పట్కరా" అని, తలుపు వెనక వేలాడుతున్న నా గొడుగు తీశాను.