రాతిబొమ్మ ఆట

అనుపమ ఫోనెత్తి "నమస్కారమండీ" అనిందంటే చాలు, బెళుగుప్ప మిట్టల మీద గిర్రున తిరిగే గాలిమరలు ఎక్కడివక్కడ టక్కున ఆగిపోతాయి. కరెంటోళ్ళు జీపులేసుకొని వచ్చి, పైకెక్కి, లోపల దూరి చూసి, ఏ తప్పూ దొరక్క తల గీరుకుంటూ వెనక్కి పోయిన సంగతి మండలంలో ఎవరినడిగినా చెప్తారు. గాలిమరల కథే ఇట్లుంటే ఇంక కుక్కల సంగతి చెప్పాలా? ఆమె సందులో కుక్కలు మునివేళ్ళ మీద నడుస్తాయి. పక్కింటి మస్తానాబీ కోడిపుంజు పొద్దున్నే గోడెక్కి, మెడ సాచి, రెక్కలు కొట్టి, నోరు తెరిచి, కూత మాత్రం మింగేసి దిగిపోతుంది. ఒకసారి పెళ్ళి ఊరేగింపు ఆ సందులోకి తిరిగితే మేళమోళ్ళు డోలు మీద కట్టె ఆనించకుండా గాల్లోనే వాయించుకుంటూ దాటిపోయినారు. పెళ్ళికొడుకు స్నేహితులేమో ఆ లేని మేళానికే అడుగు తప్పకుండా ఎగిరినారు. నమ్మకపోతే కళ్యాణదుర్గం నుంచి బస్సుంది, ఎక్కిపోయి చూసుకోండి.

ఇంత మాటబలమున్న మనిషికి కూడా ఉద్యోగం ఊరికే రాలేదు.

అనుపమ మొగుడు తిప్పేష్ బోరు లారీ మీద పని చేస్తాడు. సొంత చేనులో వేసిన బోర్లన్నీ దుమ్ము కక్కితే, ఎక్కడో ఉత్తరదేశంలో ఊళ్ళోళ్ళ చేలల్లో నీళ్ళు తీసేదానికి పోయినాడు. పోతే నెలల తరబడి రాడు. ఇంట్లో అనుపమ, నాలుగేళ్ళ కూతురు ఆశ్రిత. అనుపమ కొన్నాళ్ళు రాయదుర్గం బస్సెక్కి జీన్స్ ప్యాంట్లు కుట్టే షెడ్డుకు పోయింది. మిషన్ల మధ్య పిల్లలు తిరిగితే వేళ్ళు పోతాయని షెడ్డోళ్ళు ఆశ్రితను గేటు దాటనియ్యలేదు. మస్తానాబీ దగ్గర వదిలితే, మోకాళ్ళ నొప్పులతో ఆమె లేచేలోపల ఆశ్రిత రోడ్డు మీద ఉండేది. ఇంక మిగిలింది ఒకటే దారి. బత్తలపల్లెలో అనుపమ అమ్మ రత్నమ్మ ఉంది. పిల్లను తీసుకుపోయి ఆమె దగ్గర పెట్టడం.

"అందరూ అట్లనే చేస్తాండారు. మీయమ్మ దగ్గర వదిలెయ్" అన్నాడు తిప్పేష్ ఫోన్లో.

"నువ్వు ఆడ, నేను ఈడ, పిల్ల ఇంకోయాడనో. మనిషికొక రేషన్ కార్డు తీసుకుందామా?"

"అయితే ఇంట్లో కూర్చొని చేసే పనేదన్నా చూసుకో. నీకేమే, నోరుండాది గదా. నోటితోనే బతకొచ్చు."

ఎగతాళికే అన్నాడు పాపం. అనుపమ మాత్రం ఆ మాట పట్టుకుంది. బిడ్డ తన కళ్ళ ముందర ఉండాల, పనీ ఉండాల. ఆమెకు కావలసింది అంతే. ఫోన్లో వెతికింది. ఇంట్లో కూర్చొని పెన్సిళ్ళు డబ్బాల్లో పెట్టండి, లక్షాధికారి కండి అని ప్రకటనలు. అవన్నీ నిజమైతే దేశంలో ఈపాటికి చెట్టనేది ఉండదు, అన్నీ పెన్సిళ్ళే అయిపోయుంటాయి. జీన్స్ ప్యాంట్లు ఇంటికి తెచ్చుకొని దారాలు కత్తిరించి చూసింది. ఆ నీలం దుమ్ముకు ఆశ్రిత దగ్గి దగ్గి సొమ్మసిల్లింది. మూటలు వెనక్కిచ్చేసింది.

అప్పుడు కాలేజీలో కలిసి చదివినామె ఒకామె చెప్పింది. మిక్సీలు చేసే కంపెనీ ఒకటి, రిపేరు ఫిర్యాదులు వినేదానికి తెలుగూ కన్నడమూ రెండూ వచ్చిన ఆడవాళ్ళను వెతుకుతోంది. పని ఇంటి నుంచే. కర్ణాటక సరిహద్దు పిల్లకు రెండు భాషలు రాకపోతే ఇంకెవరికొస్తాయి? అనుపమ ఆ రెండింట్లోనూ పోట్లాడగలదు, రెండింట్లోనూ బతిమాలగలదు. పరీక్ష పెట్టిన విజయభాస్కర్ సారు ఆమె గొంతు వినీ వినగానే ఒప్పుకున్నాడు.

"టైము మీ ఇష్టం మేడమ్. పొద్దున కూర్చుంటారో, మధ్యాహ్నం కూర్చుంటారో మీరే చూసుకోండి. ఒక్కటే మాట. అవతల మనిషి మిక్సీ కాలిపోయి మంట మీదుంటాడు. మన వెనక ఇల్లు వినపడకూడదు."

"మాది పల్లె సార్. కుక్కలుంటాయి, కోళ్ళుంటాయి."

"వాటికి భయపడొద్దు. హెడ్‌సెట్ వాటి చప్పుళ్ళను కోసేస్తుంది. మనిషి గొంతు కోయడమే దానికి చేతకాదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

అనుపమ కిందికి చూసింది. ఆశ్రిత నేల మీద కూర్చొని అమ్మ కాలి మెట్టెను గిరగిరా తిప్పుతోంది.

"ఉండాది సార్, ఒక పాప. కానీ మా పాప మంచిది" అనింది.

ఆ పాప మంచిదో కాదో గానీ, దానికున్నంత గొంతు మండలంలో ఇంకొకరికి లేదు. ఆశ్రిత తుమ్మితే చింతకాయలు రాలేవి. అట్లాంటి పిల్లకు అనుపమ ఒక ఆట కనిపెట్టింది. తిప్పేష్ లారీ ఎక్కేటప్పుడు తలకు చుట్టుకునే ఎర్ర తువ్వాలు ఒకటి ఇంట్లో ఉండేది. అది తలుపు గొళ్ళేనికి వేలాడుతుంటే ఆశ్రిత రాతిబొమ్మ. నడవచ్చు, తిరగచ్చు, తినచ్చు. గొంతు మాత్రం రాకూడదు. తువ్వాలు తీసేస్తే ఆట అయిపోయినట్టు. గెలిస్తే బెల్లమూ వేరుశనగ బుడ్డలూ కలిపి దంచిన ఉంట.

మొదట్లో ఆశ్రిత రోజూ ఓడిపోయేది. "మ్మా, చీమ!" అని అరిచేది. హెడ్‌సెట్ అవతల ఫోన్లన్నీ వింటుండే విజయభాస్కర్ గొంతు సవరించుకునేవాడు. "మేడమ్, చూసుకోండి. ఇంకోసారి వినబడితే నా చేతుల్లో ఉండదు" అన్నాడు ఒకసారి. ఆ పొద్దు అనుపమ కొట్టలేదు, తిట్టలేదు. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకొని చెప్పింది. "నువ్వు మాట్లాడితే సార్ తిడతాడు. సార్ తిడితే అమ్మ మళ్ళా బస్సెక్కాల. నిన్ను అవ్వ దగ్గర వదలాల. పోతావా అవ్వ దగ్గరికి?"

ఆశ్రిత తల అడ్డంగా ఊపింది. అప్పుడే, ఆ ఊపడంలోనే, గొంతు తీసి పక్కన పెట్టేసింది.

ఇంక చూడాల ఆ పిల్ల విద్య! బొరుగులు ఒక్కొక్కటే నాలుక మీద నానబెట్టుకొని, కరకర లేకుండా తినడం నేర్చుకుంది. బిందె మీద మూత పిల్లి కంటే మెత్తగా తీసేది. తుమ్మొస్తే దిండులో తుమ్మేది. బొమ్మతో పెదాలాడించి మాట్లాడేది, బొమ్మ చెప్పిందానికి నోరంతా తెరిచి నవ్వేది, ఆ నవ్వుకు శబ్దమే లేదు. మస్తానాబీ గోడ మీదుగా చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏం పిల్లా, బిడ్డకేమన్నా మందు పెట్టినావా? నా పుంజుకు కూడా కొంచెం పెట్టు. పొద్దున నిద్రపోనీదు."

"మందు లేదు, మాకూ లేదక్కా. నా బిడ్డ మంచిది."

కంపెనీలోనూ మంచి పేరే. "మీ ఇల్లు ఊరికి దూరమా మేడమ్? గుడిలో కూర్చొని మాట్లాడుతున్నట్టుంటుంది" అన్నాడు విజయభాస్కర్. అనుపమ పొంగిపోయింది. కనిపెట్టిందిగదా, బిడ్డ పోకుండా పని, పని పోకుండా బిడ్డ! ఆ సాయంత్రం ఆశ్రితకు రెండు ఉంటలిచ్చింది.

ఎండలు ముదిరినాయి. ఒక మధ్యాహ్నం బళ్ళారి వైపు నుంచి ఒకావిడ ఫోన్. మిక్సీ మూత బిగుసుకుపోయింది, రేపు అల్లుడొస్తాడు, చట్నీ ఎట్లా అని కన్నడంలో ఏడుస్తోంది. అనుపమ తేనె పోసినట్టు సర్ది చెప్తోంది. ఆశ్రిత పెరట్లో బండలు పేర్చిన చోట ఆడుకుంటోంది. కాసేపటికి లోపలికొచ్చి తలుపు దగ్గర నిలబడింది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకొని ఉంది.

అనుపమ చూసింది. బొమ్మ విరిగిందేమో అనుకుంది. అరచెయ్యి ఎత్తి "ఉండు" అన్నట్టు చూపింది. నవ్వింది కూడా.

ఆశ్రిత తువ్వాలు కింద గోడకానుకొని కూర్చుంది. ఉండమన్నారు, ఉంది.

బళ్ళారి ఆవిడ మూత ఊడింది. అల్లుడి గుణగణాలు చెప్పింది. దీవించింది. అనుపమ "ధన్యవాదగళు" అని ఫోన్ పెట్టేసి, "రా నా బంగారు" అని తిరిగేసరికి బిడ్డ ఒళ్ళంతా చెమట. చేతులు చల్లగా అయిపోయినాయి. నోటి నుంచి చొంగ కారుతోంది. కాలు ఎర్రగా వాచి ఉంది.

తేలు. ఎర్రతేలు.

"యాలమ్మా చెప్పలేదు! యాల అరవలేదే!"

ఆశ్రిత కళ్ళు పైకెత్తి గొళ్ళెం వైపు చూసింది. "తువ్వాలుండాది గదమ్మా" అని గుసగుసగా చెప్పింది.

మస్తానాబీ మోకాళ్ళ నొప్పులు ఏమైనాయో, రోడ్డు మీదికి పరుగెత్తి యేసన్న ఆటోను ఆపింది. కళ్యాణదుర్గం ఆసుపత్రిలో సూది వేసేటప్పుడు కూడా ఆశ్రిత చెయ్యి నోటి మీద నుంచి తియ్యలేదు. నర్సమ్మ తల నిమిరింది. "ఏడువు పాపా, ఈడ ఏడిస్తే ఎవరూ ఏమీ అనరు" అనింది. ఆశ్రిత అమ్మ దిక్కు చూసింది, ఏడవచ్చా అన్నట్టు.

మరుసటి పొద్దుకు బిడ్డ గట్టెక్కింది. తిప్పేష్ ఎక్కడి నుంచో ఫోన్ చేసి, లారీ చప్పుడులో, "నోటితో బతకొచ్చని నేనే గదే అంటిని" అని ఏడ్చినాడు.

ఇంటికొచ్చినాక అనుపమ మొదట తువ్వాలు పీకి పొయ్యిలో వేసింది. బిడ్డ అది కాలిపోయేదాకా చూసింది. గొంతు మాత్రం తిరిగి రాలేదు. అన్నం కావాలన్నా గుసగుసే, నిద్రొస్తాందన్నా గుసగుసే. డాక్టరు నోరు తెరిపించి చూసి గొంతులో ఏ తప్పూ లేదన్నాడు. ఒక సాయంత్రం అనుపమ బిడ్డను పెరట్లో నిలబెట్టి, గాలిమరల దిక్కు తిరిగి తనే గట్టిగా కేక పెట్టింది. మస్తానాబీ గోడ దగ్గరికి ఉరికొచ్చింది.

"ఏమైంది మే?"

"ఏం కాలేదక్కా. బిడ్డకు అరవడం నేర్పిస్తాండా."

మస్తానాబీ ఒక క్షణం చూసి, కొంగు నడుముకు దోపుకొని, "ఓయ్!" అని తనూ ఒక కేక వేసింది. పుంజు బెదిరి కూసింది. కుక్కలు మొరిగినాయి. సందు సందంతా లేచింది. ఆశ్రిత నవ్వింది. అమ్మ చెవి దగ్గరికొచ్చి చెప్పింది. "చాలమ్మా. సార్ తిడతాడు."

బత్తలపల్లె నుంచి రత్నమ్మ వచ్చి కొన్ని పొద్దులు చూసింది. ఇంక ఉండబట్టలేక చెప్పేసింది.

"నువ్వు ఈ కొలువు మానితే మళ్ళా రాయదుర్గం బస్సే. అప్పుడూ పిల్ల నా దగ్గరే. మానకపోతే పిల్ల ఈ కొంపలో మూగది. ఎట్ల చూసినా నా దగ్గరికే గదమ్మే. తొందరగా తీసుకుపోతే నోరన్నా మిగులుతుంది."

రెండు భాషల్లో పోట్లాడే మనిషికి ఆ పొద్దు ఒక భాష కూడా దొరకలేదు. బిడ్డ గౌన్లు సంచిలో సర్దింది. ఆశ్రిత బస్సెక్కేటప్పుడు ఏడవలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి గుసగుసగా అడిగింది. "నేను మాట్లాడలేదు గదమ్మా?"

మొదటి ఆదివారం అనుపమ అనంతపురంలో బస్సు మారి బత్తలపల్లె పోయింది. సందు తిరగగానే వినబడింది. "ఓసి దొంగ మేకా! నా బుడ్డలన్నీ తినేస్తివి గదే!" చింతకాయలు రాలే ఆ గొంతే. అనుపమ లోపలికి పోలేదు. గోడ వెనక నిలబడి, ఎండలో, ఆ తిట్లన్నీ కడుపు నిండా విన్నది. లోపలికి పోతే ఆ గొంతు ఆగిపోతుందేమో అని అడుగు పడలేదు. చివరికి పోయింది. ఆశ్రిత ఎగిరి మెడకు చుట్టుకుంది. గొంతు తగ్గింది గానీ, సాయంత్రానికల్లా అమ్మ ముందరే మేకను ఇంకొకసారి తిట్టింది. అనుపమ ఆ తిట్టు మూట కట్టుకొని ఇంటికొచ్చింది.

ఇప్పుడు అనుపమ మిక్సీ కంపెనీలోనే ఉంది. ఆ ఇల్లు ఇప్పుడు ఎవరూ నేర్పకుండానే నిశ్శబ్దంగా ఉంటుంది. రోజూ పని అయిపోగానే బత్తలపల్లెకు ఫోన్ చేస్తుంది. రత్నమ్మ ఫోన్ తీసుకుపోయి మనవరాలి చెవికి ఆనిస్తుంది. అంతదాకా మేకతో కోడితో జగడమాడుతున్న పిల్ల, ఫోన్లో అమ్మ గొంతు వినబడగానే గప్‌చిప్. అమ్మ ఫోన్లో ఉన్నప్పుడు మాట్లాడకూడదు. అంతే. ఎవరెంత చెప్పినా ఆ ఒక్కటి పోలేదు.

"ఏం తిన్నావు బంగారూ?"

ఊపిరి వినబడుతుంది.

"మేక మళ్ళా వచ్చిందా? మాట్లాడమ్మా. సార్ లేడు. తువ్వాలు కాల్చేసినా గదా. ఆదివారం వస్తాలే."

ఊపిరి. ఆమె ఆ ఊపిరితోనే కాసేపు మాట్లాడుతుంది. చివరికి రత్నమ్మ ఫోన్ తీసుకుంటుంది. "తల ఊపుతాండాదమ్మా" అంటుంది.

బెళుగుప్ప హోటళ్ళలో గాలిమరల కథ, మూగ పుంజు కథ, గాల్లో మేళం కథ ఇంకా నడుస్తూనే ఉన్నాయి. చెప్పినప్పుడల్లా ఇంత పెరుగుతున్నాయి. ఒకరోజు ఒకాయన అన్నీ కలిపి, ఉప్పూకారం దట్టించి అనుపమకే వినిపిస్తే, ఆమె నవ్వలేదు. హెడ్‌సెట్ మెడలోకి జార్చుకొని చెప్పింది.

"గాలిమరలు ఎప్పుడూ ఆగలేదప్పా. కుక్కలు అరిచినాయి, మస్తానక్క పుంజు కూసింది, మేళమోళ్ళు డోలు పగిలేటట్టు కొట్టినారు. నా మాట విని నోరు మూసుకునింది నా బిడ్డ ఒక్కతే."