పైవాటా పొదుపు

ఊళ్ళోవాళ్ళ ఫ్రిజ్‌లన్నీ ఆ మెకానిక్ చేతి చలవతో చల్లగా ఉండేవి. ఆయన ఇంట్లోది మాత్రం తలుపు రబ్బరు చిరిగి, ముక్కుతూ మూలుగుతూ ఉండేది. రబ్బరు మార్చమని భార్య అడిగి అడిగి, చివరికి అడగడం మానేసింది.

అలాంటి మనిషికి ఒకరోజు జ్ఞానోదయమైంది. డీలర్ల సమావేశంలో ఓ పెద్దమనిషి, ఏసీ హాల్లో కోటు వేసుకుని మరీ, కరెంటు వాడకం తగ్గిస్తే భూమీ బతుకుతుంది, జేబూ బతుకుతుందని చెప్పాడు. మెకానిక్ ఇంటికి వస్తూనే ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాడు. వాషింగ్ మెషీన్ మీద దుప్పటి కప్పాడు. ఇస్త్రీపెట్టెను అటకెక్కించాడు. ఇకనుంచి ఏ పూట వంట ఆ పూటే, బట్టలు చేత్తోనే ఉతకాలని ప్రకటించాడు. ఎవరి చేత్తోనో చెప్పలేదు.

"సరే, మీ ఇష్టం" అంది భార్య. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకున్నది మరొకటి లేదు. ఆయన అప్పుడే అనుమానించాల్సింది. తన మాటకు అంత బలం ఉందని మురిసిపోయాడు.

నెల తిరిగేసరికి బిల్లు సగానికి పడిపోయింది. ఇంట్లో ఏ లోటూ లేదు. పాలు విరగలేదు, తన ఇంటావిడ శ్రద్ధ అనుకున్నాడు. చొక్కాలు ముడత లేకుండా వచ్చేవి. ఆవిడ పనితనం అనుకున్నాడు. సాయంత్రమైతే పిల్లలు కింద పిన్ని ఇంటికి పరుగెత్తేవారు, రక్తసంబంధం అనుకున్నాడు.

కింది వాటాలో ఆయన తోడల్లుడు ఉండేవాడు. పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు. మెట్ల మీద కనపడితే చాలు, మెకానిక్ జేబులోంచి బిల్లు తీసి చూపించి, అవసరాలనేవి పెంచితే పెరుగుతాయి, తుంచితే తరుగుతాయని బోధించేవాడు. రోజంతా జనం చేత నోరు తెరిపించే ఆ కాంపౌండరు, అక్కడ మాత్రం నోరు మూసుకుని వినేవాడు.

రెండో నెల కాంపౌండరే పైకొచ్చాడు. "అన్నయ్యా, మా ఫ్రిజ్ ఆగకుండా తిరుగుతోంది. బిల్లు చూస్తే నా గుండె ఆగేలా ఉంది. ఒకసారి చూస్తారా?"

మెకానిక్ పనిముట్ల సంచీతో దిగాడు. దిగుతున్నంతసేపూ పొదుపు గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన వంటింట్లోకి రాగానే మరదలు ఎందుకో పెరట్లోకి తప్పుకుంది.

ఫ్రిజ్ తలుపు తీస్తే వేలు దూర్చడానికి సందు లేదు. పై అరలో తన ఇంటి పాలగిన్నె. దాని పక్కన తన ఇంటి కూరగాయలు, తన ఇంటి నీళ్ళ సీసాలు. తలుపు అరలో తన కంటి చుక్కల మందు. కాంపౌండరు ఇంటి సామాను వెనక గోడకు నక్కి, అద్దెకున్నట్టు ఒదిగి ఉంది. పక్కనే వాషింగ్ మెషీన్ తిరుగుతోంది. దాని గాజు తలుపు వెనకనుంచి తన గళ్ళ చొక్కా ఓసారి చెయ్యి ఊపి మునిగిపోయింది.

రోగం తెలిశాక కూడా ఆయన రబ్బరు నొక్కి చూశాడు. వెనక్కి వంగి మోటారు విన్నాడు. పరువు కోసం కొంత సమయం కావాలి కదా.

"గ్యాస్ పోయిందా అన్నయ్యా?"

"గ్యాస్ బాగానే ఉంది. తలుపు మాటిమాటికీ తీస్తున్నారు."

"మేం కాదులెండి" అన్నాడు కాంపౌండరు మెల్లగా. "పాపం, మెట్లెక్కి దిగలేక వదినకి మోకాళ్ళు పట్టేశాయట."

భార్యను దులిపేద్దామనే మెకానిక్ పైకొచ్చాడు. ఆవిడ తడిచేతులు తుడుచుకుంటూ, "మీటరు తగ్గాలన్నారు, తగ్గించాను. భూమి సంగతి మీరు చూసుకుంటారనుకున్నాను" అంది.

 సాయంత్రం ఆయన కొత్త రబ్బరు తెచ్చి, నేల మీద చతికిలబడి బిగించాడు. ఫ్రిజ్‌ను గోడనుంచి జానెడు ముందుకు లాగి, వెనక పట్టిన బూజు దులిపాడు. ప్లగ్గు పెట్టాక మోటారు కాసేపు తిరిగి, ఎన్నేళ్ళకో తనంతట తానే ఆగి ఊపిరి పీల్చుకుంది. తర్వాతి బిల్లు ప్లగ్గు పీకకముందు వచ్చినదానికన్నా తక్కువే వచ్చింది, కానీ మెట్ల మీద చూపించుకునేంత కాదు.

మిగతాది అక్కాచెల్లెళ్ళు తేల్చుకున్నారు. రెండిళ్ళ బట్టలకూ కింది మెషీన్ ఒక్కటే చాలు, నిండుగా వేసి తిప్పాలి, కరెంటు ఖర్చు చెరిసగం. ఆయన సలహా ఎవరూ అడగలేదు. దుప్పటి కప్పుకున్న పైవాటా మెషీన్‌ను అమ్మేశారు. వచ్చిన డబ్బుతో ఏం కొనుక్కున్నారో ఆయనకింకా చెప్పలేదు.