గోదారి ఇచ్చిన తలుపు

ఇది రాయడం ఎందుకులే అని రెండుసార్లు కలం కింద పెట్టేశాను... ఒక తలుపు గురించి ఎవరు చదువుతారు?

మా చిన్నప్పుడు... అంటే ధవళేశ్వరం దగ్గర కొత్త ఆనకట్ట ఇంకా కడుతున్న రోజులు... కొత్తపేట అవతల, గౌతమి ఒడ్డున మా తాతగారి లోగిలి. నడుమ మండువా ఇల్లు, పడమట పశువులశాల, పక్కన బండ్లసావిడి, కొబ్బరికాయల పాక. వరద నీరు అందకుండా ఇటుక దిమ్మెల మీద లేపిన ధాన్యపుకొట్టు.

ఇందులో కొన్న కలప తక్కువ. వరదకి కొట్టుకొచ్చే దుంగల్ని పడవలేసుకుని పట్టేవారు. వంటింటి దూలానికి అడవిలోని వంకర అలాగే ఉండేది... పొడుగాటి మా పెదనాన్నగారు దానికి తల కొట్టుకోని పండగ నాకు గుర్తులేదు. సరే, అది వేరే కథ.

ఒక ఏడు ఏకంగా ద్వారబంధమే వచ్చింది... తలుపులతో సహా! రెక్కల మీద చెక్కిన చిలకలు. "గోదారమ్మ ఇచ్చింది" అంటూ తాతగారు దాన్ని కొట్టుకి పెట్టించి, వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. గడియ ఎలా పడుతుందో మాత్రం మా వడ్రంగికీ అంతుపట్టలేదు. తాడుతో కట్టేవాళ్ళం.

మరుసటి ఏడు నూర్పులకి ఎగువ నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళలో ఒకావిడ మొదటి గంప చీకటి కొట్టులో దించి, బయటికొస్తూ తలుపులు దగ్గరికి లాగింది. చూడకుండానే ద్వారబంధం పైకమ్మీ సందులోకి చెయ్యి పోనిచ్చి ఏదో చెక్కమేకు తిప్పింది.

లోపల గడియ టక్కున పడింది!

కళ్ళంలో అందరూ కొయ్యబారిపోయారు. ఆవిడ తన చేతివంక, చిలకలవంక చూసి గడప ముందు కూలబడింది.

"మా ఇంటి తలుపండి బాబుగారూ... మాయన చేసేడండి. ఆ వరదకి ఆయనా పోయేడు, ఇల్లూ పోయింది. కొడుకు మళ్ళీ గోడలు లేపుతున్నాడండి..."

తాతగారు ముందుకొచ్చారు. "మేం ఎత్తుకురాలేదమ్మా... గోదారి ఇచ్చింది."

"ఆయ్. మీకిచ్చిందండి... నాకాడ లాక్కుని."

తాతగారు చిలకలవంకే చూస్తున్నారు. మామ్మే కదిలింది.

"చూస్తారేవండీ? వడ్రంగిని పిలిపించండి."

"మరి కొట్టుకో?"

"మీ గోదారమ్మనే అడగండి, ఇంకోటిస్తుందేమో!"

సాయంత్రానికి తలుపు పడవెక్కింది.

ఇప్పుడు కలప అడితీలో దొరుకుతోంది... ఎవరి గుమ్మం దాటి వచ్చిందో అడగాల్సిన పనే లేదు. మీ లోగిళ్ళలో నీటి మీద వచ్చిన దూలమో స్తంభమో ఉంటే, దాని సంగతి మీరూ చెప్పండి...

ఆ ఏడు కొట్టుకి తాటాకు తడిక కట్టారు. ఎలుకలు దూరాయి. తాతగారు అంబాజీపేట నుంచి ఒక పిల్లిని తెప్పించారు.