డాన్సు గది నేల కింద

క్వేకర్స్ హిల్‌లో మేం కొన్నది పాత చెక్క ఇల్లు. ఇటుక దిమ్మల మీద నిలబడి ఉంటుంది. నేల పలకలకూ కింది మట్టికీ మధ్య మనిషి పాకేంత ఖాళీ ఉంది. ముందు గదిలో మా ఆవిడ శనివారాలు పిల్లలకు కూచిపూడి నేర్పుతుంది. ఈ దేశంలో చలికాలం మొదలయ్యే జూన్ వచ్చేసరికి పలకల సందుల్లోంచి చలిగాలి తన్నుకొచ్చేది. పిల్లలు మేజోళ్లతో ఆడబోయి జారిపడేవారు. విప్పమంటే ఒక పాప, "ఆంటీ, మై టోస్ ఆర్ ఫ్రోజెన్," అని ఏడుపు ముఖం పెట్టింది.

వాళ్లమ్మ గుమ్మంలో నిలబడి, "చలికాలం పోయేదాకా మానిపిద్దామనుకుంటున్నా అక్కా. ఇంకో ఇద్దరు కూడా అదే అంటున్నారు," అంది.

ఉన్నదే ఏడుగురు. మా ఆవిడ ఆ రోజు వంట చేస్తూ, ముగ్గురు పోతే నలుగురేనని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది.

నేను గిడ్డంగిలో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను. కాలేజీ చదువు లేకపోయినా లైబ్రరీ కార్డు ఉంది, దాన్ని అరగదీశానని గర్వంగానే చెప్పుకుంటాను. పాత ఇళ్ల మరమ్మతుల మీద నాలుగు పుస్తకాలు తెచ్చుకున్నాను. ఇంటి పునాది గోడకు చుట్టూ కన్నాలుంటాయి. చలి అక్కణ్నుంచే వస్తోందని ఒక కన్నంలో అప్పటికే పాత గుడ్డలు కుక్కేశాను. ఆ గాలి ఆడకపోతే చెమ్మపట్టి దూలాలు పుచ్చిపోతాయని చదివిన సాయంత్రమే వెళ్లి గుడ్డలు పీకేశాను. గాలిని ఆపకూడదు, నేలకే కింద నుంచి దుప్పటి కప్పాలి!

కింద ఉన్న కరెంటు వైర్లను ఎలక్ట్రీషియన్‌కు చూపించి, రెండు రోజులు వెల్లకిలా పాకుతూ దూలాల మధ్య చలిని ఆపే దూది పరుపుల్లాంటి ముక్కలు నొక్కాను. కాస్త వెడల్పుగా కోస్తే వాటంతటవే బిగుసుకుంటాయని పుస్తకంలో ఉంది. అవి జారకుండా అడ్డంగా పట్టీలు కూడా కొట్టమని దాని కిందే ఇంకో వాక్యం ఉంది. ఇంత బిగువుగా ఉన్నాక పట్టీలెందుకులే అనుకున్నాను.

రెండు శనివారాలు పిల్లలు ఉత్త కాళ్లతో ఆడారు. మూడో వారం మా ఆవిడ, "ఏవండీ, కిటికీ పక్కన మళ్లీ జిల్లుమంటోంది. మీ పుస్తకానికి ఎక్స్‌పైరీ డేట్ ఉందేమో చూడండి," అంది.

కిందకి వెళ్లి చూస్తే నాలుగు ముక్కలు మట్టిలో పడి ఉన్నాయి. మళ్లీ పెట్టాను. వారం తిరిగేసరికి మళ్లీ అవే పడ్డాయి. ఎలకలా? చెమ్మా? అంతుపట్టక, ఆ పై శనివారం క్లాసు జరుగుతుండగానే టార్చి పట్టుకుని ఆ కిటికీ మూలన నేల కింద పడుకున్నాను.

నెమ్మదిగా సాగే మొదటి కాలంలో ఏమీ కదల్లేదు. రెండో కాలంలో కాస్త దుమ్ము రాలింది. అన్నిటికంటే వేగమైన మూడో కాలంలో పద్నాలుగు పాదాలు ఒక్కసారిగా తొక్కుతుంటే పలకలు ఊగాయి. ప్రతి దెబ్బకూ ముక్కలు నూలుపోగంత చొప్పున కిందికి జరిగాయి. చివరికి ఒకటి నా ఛాతీ మీదే పడింది. అంత సంతోషం నాకు ఏ పుస్తకం చదివినా కలగలేదు. ఆ ఇల్లు కట్టినవాళ్లు మంచాలూ కుర్చీలూ వేసుకునే మనుషుల్ని ఊహించుకుని ఉంటారు. పుస్తకం రాసినవాళ్లూ అంతే. నేల మీద తాళం తొక్కేవాళ్లు వాళ్ల లెక్కలో లేరు.

దుమ్ము కొట్టుకుని పైకొస్తే ఆ పాపే అడిగింది: "అంకుల్, వర్ యు అండర్ అస్? డిడ్ వి స్క్వాష్ యు?"

ఆ మర్నాడే దూలం నుంచి దూలానికి అడ్డంగా పట్టీలు బిగించాను.

తర్వాతి శనివారం బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంది. పాప తల్లి చెప్పులు విప్పి తానే గదిలోకొచ్చి, కిటికీ పక్కన కాసేపు నిలబడింది.

"ఈ టర్మ్ అంతా పంపిస్తాలే అక్కా. తర్వాతి సంగతి తర్వాత."

మా ఆవిడ తలూపి, "మూడో కాలం, మళ్లీ," అంటూ కర్రతో తాళం కొట్టింది. ఆ మెత్తటి ముక్కలు పడితే చప్పుడు కాదని తెలిసినా, నేను వంటింట్లో నేలకేసి చెవి ఒగ్గే నిలబడ్డాను.