రాళ్ళగుట్ట నుంచి అవ్వకు తెచ్చిన పొత్రం

ఇప్పటి కుర్రాళ్ళు నీళ్ళ క్యాను మేడ మీదికి మోసి నడుం పట్టుకుంటున్నారు. మా రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, ఉదయగిరి దారిలో ఉన్న పాత రాళ్ళగుట్ట నుంచి పాతిక కిలోల రాయిని నేనొక్కణ్ణే భుజాన వేసుకుని, ఎర్రటెండలో మూడు మైళ్ళు నడిచి బస్సెక్కించాను. ఈ సంగతి ఇప్పటికి వందమందికైనా చెప్పి ఉంటాను. (చెప్పిన ప్రతిసారీ రాయి బరువు కొంచెం పెరుగుతూ వచ్చింది.)

రాయి మా అవ్వ కోసం. అప్పుడు నేను ఆత్మకూరులో కొత్తగా చేరిన పంతుల్ని. మకాం అవ్వ ఇంట్లోనే. ఒక సాయంత్రం నేనూ, ఇద్దరు స్నేహితులూ (నోరు మూయడు కాబట్టి ఒకడు రేడియో, ఒళ్ళు వంచడు కాబట్టి ఇంకొకడు జమీందారు) పెరట్లో బలపరీక్ష పెట్టుకుని రుబ్బురోలు పొత్రాన్ని తలపైకి ఎత్తబోయాం. రేడియో చెయ్యి జారి అది గచ్చు మీద పడి రెండు ముక్కలైంది. అవ్వ కాపురానికి వస్తూ పుట్టింటి నుంచి తెచ్చుకున్న పొత్రం! ఇలాంటి వాళ్ళను ఇంటికి తెచ్చినందుకు నన్ను తిట్టినా బాగుండేది. నాతో మాట మానేసింది, దోసెలు మానేసింది, చర్చిలో శుక్రవారం ప్రార్థనప్పుడు నా మొహం కనబడకుండా పాటల పుస్తకం అడ్డం పెట్టుకుంది. కరెంటు గ్రైండరు కొంటానంటే, "రాతితో రుబ్బిందే పిండి" అని గోడకు చెప్పింది.

"పాతకాలంలో రాళ్ళు కొట్టిన గుట్ట ఒకటుండాది. చెక్కిన రాళ్ళు ఊరికే పడుండాయి. పోయి ఏరుకుందాం" అన్నాడు జమీందారు. శనివారం పొద్దున్నే బయలుదేరాం. నాకు ఆ పొద్దున్నుంచే ఒళ్ళు మండుతూ ఉంది. బస్సు ఆలస్యం. దిగాక రేడియో ఆగలేదు, జమీందారు కదల్లేదు. ఎక్కడ చూసినా ఏనుగులంత బండలు, వాటి మీద వరసగా ఉలిగుంటలు, సగం చెక్కి వదిలేసిన స్తంభాలు. వాటి మధ్య, ఒక కొస గుండ్రంగా, ఇంకో కొస సన్నంగా, మా అవ్వ రోటి కొలత తీసుకుని చెక్కినట్టు ఒక రాయి!

మేకలు తోలుకొచ్చిన ముసలాయన ఒకడు అక్కడ నిలబడి మమ్మల్ని చూస్తున్నాడు. దగ్గరికొచ్చి, గులకరాయితో పక్క బండ మీద కొట్టాడు. ఖంగుమంది. నా రాయి మీద కొట్టాడు. తడిసిన డప్పులా దబ్బుమంది.

"పలకలేదు సూడు సారూ. లోన బీటుండాది. రాతిపనోళ్ళు సెక్కతా సెక్కతా కనుక్కోని, పారేసి పోయినారు."

"నువ్వేమైనా రాతిపనోడివా?"

"కాళ్ళు ఆడినన్నాళ్ళూ అదే జేసినాను."

బడిలో పిల్లలందరికీ పాఠం చెప్పే నాకు గులకరాయితో పాఠమా! "నీ మేకల్ని నువ్వు చూసుకోవయ్యా!" అని అరిచాను.

"నాదేం పోయె. మోసేది మీరే గదా" అన్నాడాయన.

నిజం చెప్పేస్తాను. నేను మోసింది నలభై అడుగులు. ఆ తర్వాత రేడియో, వాడు కూలబడితే జమీందారు (పుట్టాక మొదటిసారి ఒళ్ళు వంచాడు), మళ్ళీ రేడియో. నేను వెనకాల నడుస్తూ "కింద పెడితే చంపుతా" అని కేకలేశాను. మూడు మైళ్ళు కూడా కాదు, ఒకటిన్నర. "మీ అవ్వ దోసెలు నీకు, నడుం నొప్పి నాకా?" అని రేడియో దారి పొడుగునా గొణిగాడు. "ఏంది సారూ, కోట కడతా ఉండారా?" అన్న కండక్టరు మీదా విరుచుకుపడ్డాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి అవ్వ పప్పు రోట్లో పోసి కూర్చుంది. ఆమె చెయ్యి పొత్రం మీద పడగానే నా కడుపు నిండిపోయింది. పట్టుమని పది తిప్పులు తిప్పలేదు. టప్పుమని చీలి, సగం పిండిలోకి ఒరిగింది. లోపల బీటు వెంట ఎర్రటి చార, ఎన్ని వందల ఏళ్ళదో.

నాకు పిచ్చికోపం వచ్చింది. పెరట్లో నిలబడి, ఏనాడో చచ్చిపోయిన రాతిపనివాళ్ళను తిట్టాను. "పారేసేటప్పుడు ఒక గుర్తయినా పెట్టి చావొచ్చు కదా!"

నాలుగు రోజులుగా నాతో మాట్లాడని అవ్వ అప్పుడు నోరు విప్పింది. "నోర్ముయ్‌రా! తెలివిగలోళ్ళు పారేసినారు. ఏరుకొచ్చినోడివి నువ్వు."

అవ్వ ఇప్పుడు లేదు. ఆమె అప్పటి వయసు ఇప్పుడు నాది. ఎక్కడైనా రాయి కనబడితే వేలితో తట్టి చెవి పెడతాను, నాలో నేనే నవ్వుకుంటాను. ఆ కుర్ర పంతులు ఆ ముసలాయన మాట వినుంటే నాకు చెప్పుకోవడానికి ఏం మిగిలేది?

నిన్న ఇదంతా రేడియోకి చదివి వినిపించి, మెచ్చుకుంటాడని చూశాను. వాడు కళ్ళజోడు తీసి గట్టిగా అన్నాడు:

"పొత్రం జారింది నీ చేతిలోనించిరా అబద్ధాలకోరూ! అవ్వకి నా పేరు చెప్పినావు. నీతో నాలుగు రోజులే మాట్లాడలా. నాతో ఆమె పొయ్యేదాకా మాట్లాడలా."