మా మావ నూతి నీళ్లు

రెండు జిల్లాల్లో నేను తిరగని మండలాలు తక్కువ. నన్ను నమ్మిన ఊళ్లు అంతకంటే తక్కువ. చేతిలో జీపీఎస్ పరికరం, భుజాన సంచీ, సంచీలో ఖాళీ సీసాలు, మట్టి నింపే కవర్లు. మంచినీటి రొయ్యల చెరువులకి ఏ పొలాలు పనికొస్తాయో కంప్యూటర్లో పటం తయారుచేసే పని అది. ఆఫీసు విజయనగరంలో. ఊళ్లు తిరిగి నీళ్లూ మట్టీ తేవడం నా వంతు, పటానికి రంగులు వెయ్యడం మా సారు వంతు. ఆకుపచ్చ పడితే చెరువు తవ్వుకోవచ్చు. ఎరుపు పడితే ఆ దరఖాస్తు అక్కడితో సరి.

చీపురుపల్లి అవతల ఒక రైతు నా పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేటి బాబూ?" అన్నాడు. మనం ఎక్కడున్నామో ఉపగ్రహాన్ని అడిగి చెప్తుందన్నాను. "మనవెక్కడున్నావో మనకి తెల్దేటి? ఆకాసంలోంచి సెప్పాలేటి?" అని తిరిగిచ్చేశాడు. ఇంకో ఊళ్లో నేను వస్తున్నానని తెలిసి నూతి మీద చేదా తాడూ ఇంట్లో దాచేశారు. వాళ్లని తప్పు పట్టలేను. కొలవడానికి వచ్చినవాడు ఇవ్వడానికి వచ్చాడని వాళ్లు ఎన్నడూ వినలేదు. నాకూ వాళ్ల మీద అనుమానమే. నీళ్లు ఎన్ని అడుగుల్లో ఉన్నాయని అడిగితే ఒకే నూతికి ముగ్గురు మూడు లెక్కలు చెప్పేవారు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాను. నీళ్లు నేనే తోడాలి, సీసా నేనే నింపాలి.

ఆ నియమం తప్పింది ఒక్క చోట. పాతపట్నం దగ్గర, మా అమ్మ తమ్ముడి ఊళ్లో.

మా మావ నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో, సంచీ చూసి అంత ముడుచుకున్నాడు. నాటుకోడి కూర వండించాడు గానీ, ముద్ద ముద్దకీ ఒక ప్రశ్న వడ్డించాడు.

"ఈ పటం ఎవులు సూస్తారు అల్లుడూ?"

"ఆఫీసర్లు చూస్తారు మావా."

"సూసి? రొయ్యలకి మంచి బూమని రాసేస్తే, రేపొద్దున ఎవుడో పెద్దోడొచ్చి ఇచ్చీమంటే?"

"అలా ఎవరూ రారు మావా. చెరువు కావాలన్నవాళ్లకే."

"పక్కూరోల్లకీ ఇలాగే సెప్పినారు," అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. ఎండలో నువ్వెందుకు, నీళ్లు నేను పట్టుకొస్తానని నా సీసా తీసుకుని పొలానికి వెళ్లాడు. కడుపు నిండి ఉంది, మే నెల ఎండ, పైగా సొంత మేనమామ. సరేనన్నాను.

ఆయన తెచ్చిన సీసాలో ఉప్పు కొలిచే మీటరు పెడితే అంకె చూసి తెల్లబోయాను. సముద్రం వాసన తెలియని ఊళ్లో అంత ఉప్పేమిటి? నేను మీటరు వంక చూస్తుంటే, "మా నూతి నీల్లు అలాగే ఉంటాయిరా, ఎప్పుడూ ఉప్పగానే," అన్నాడు మావ. ఉప్పు గురించి నేను ఇంకా నోరు విప్పలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అనకుండానే తడుముకున్నాడు. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. నూతి దగ్గరికి నడిచి ఒక్క చుక్క నాలిక మీద వేసుకుంటే తేలిపోయేది. వేసుకోలేదు. మేనమామని ఆయన ఇంట్లోనే దొంగని చెయ్యడం నా వల్ల కాలేదు. అంకె రాసుకుని బస్సెక్కేశాను.

అది ఆయన పొలంతో పోతుందనుకున్నాను. పటాల పని చేస్తూ అలా అనుకోవడం నా బుద్ధితక్కువ. ప్రతి నూతి నీళ్లూ పరీక్ష చెయ్యలేం కాబట్టి, ఊరికి మూడో నాలుగో నూతులు చూస్తాం. మధ్యలో పొలాలకి, దగ్గరి నుయ్యి ఎలా ఉంటే అలాగే ఉంటాయని కంప్యూటరే రంగు పూసేస్తుంది. వానలు పడ్డాక పటం వచ్చింది. ఊరంతా ఆకుపచ్చ. మా మావ నూతి చుట్టూ మాత్రం ఎర్రటి మచ్చ. ఆ మచ్చలో మావ పొలం ఉంది, పక్క పొలం కూడా ఉంది.

ఆ పొలం ఒకామెది. వరసకి నాకు అత్త. పల్లపు బంకనేల, ఏటా వానకి వరి కుళ్లిపోయేది. ఆమె భర్త చెన్నైలో మేస్త్రీ పనికి వెళ్లి ఏడేళ్లు. చెరువు తవ్వితే ఆయన్ని ఇంటికి రప్పించుకుందామని ఊళ్లో అందరికంటే ముందు దరఖాస్తు పెట్టింది ఆమే. ఉప్పునీళ్లు, పనికిరాదు అని ఆ దరఖాస్తు తిరిగొచ్చింది.

ఆ మాట విని పరుగున వెళ్లాను. ముందు మావని అడిగాను. తల దించుకుని, "గుప్పెడు గల్లుప్పు," అన్నాడు. "ఉప్పు బూమిని ఎవుడూ అడగడు కదా అని ఏసీసినాను. ఆల్ల పొలానికి కూడా తగుల్తాదని నాకేటి తెలుసు?" కోపం వచ్చింది. కానీ ఎవరి మీద చూపించను? ఉప్పు వేసింది ఆయన, తెలిసీ రాసుకున్నది నేను.

ఇద్దరం అత్త ఇంటికి వెళ్లాం. నిజం చెప్పాలనే వెళ్లాను. తీరా గుమ్మంలో నిలబడ్డాక, "మిషన్ తప్పు చూపించింది అత్తా, మళ్లీ పరీక్ష చేద్దాం," అన్నాను.

ఆమె చేట కింద పెట్టింది. "మా నేలలో నుయ్యే నేదు గదా బాబూ. మరి ఎవుల నూతి నీల్లు సూసినాది మిషను?"

మావ చూరు వంక చూస్తున్నాడు.

"మీ మావ నుయ్యే గదా? పెల్లయి ఈ ఊరొచ్చిన కాడ్నుంచీ ఆ నీల్లే తాగుతన్నాను," అంది. అరవలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ని.

సీసా ఇమ్మని చెయ్యి చాపింది. తానే తోడింది, తానే నింపింది, మర్నాడు తానే నాతో బయల్దేరింది. శ్రీకాకుళంలో బస్సు మారేటప్పుడు జనం తోసుకుంటుంటే, పట్టుకుంటాను ఇమ్మన్నాను. సంచీ ఇచ్చింది, గొడుగు ఇచ్చింది. సీసా ఇవ్వలేదు.

ఆఫీసులో సీసా సారు చేతికే ఇచ్చింది. సారు కొంచెం నీళ్లు గ్లాసులోకి వంచి మీటరు పెట్టారు. "నిక్షేపంలాంటి మంచినీళ్లు. మొదటిసారి ఎక్కడ పొరపాటయింది?" అని నా వైపు చూశారు.

ఆమె కూడా నా వైపే చూసింది. మిగిలిన నీళ్లున్న సీసా నా ముందు పెట్టింది.

"తాగు బాబూ. ఉప్పగా ఉన్నాయేటో సెప్పు."

తాగాను. మే నెలలో మావ నూతి దగ్గర చెయ్యాల్సిన పని, సిగ్గుతో, అందరి ముందూ చేశాను. తర్వాత సారుకి జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతా వినేదాకా ఆమె కుర్చీలోంచి లేవలేదు.