రెండు జతల నాళాలు

శ్రీకాకుళం మెడికల్ కాలేజీలో మాకు అనాటమీ చెప్పిన మేడమ్, బోర్డు మీద గీసిన పిండం బొమ్మలో నాళాలను డస్టర్‌తో కాక వేలితో మెల్లగా చెరిపేవారు. "మొదట ఆడకైనా మగకైనా రెండు జతలుంటాయి. తర్వాత ఒక జత నిలుస్తాది, ఒక జత కరిగిపోతాది" అనేవారు.

ఒకరోజు మేం క్లాసులో ఉండగా, గజపతినగరం నుంచి మేడమ్‌కు తెలిసినావిడ కూతురితో వచ్చింది. పద్దెనిమిదేళ్లొచ్చినా ఆ పిల్ల పెద్దమనిషి కాలేదు. గర్భసంచి లేదని స్కానింగులో తేలింది.

"ఏటి పాపం సేసినామమ్మా?" అని తల్లి ఏడ్చింది.

"పాపం కాదమ్మా. గర్భసంచి అవ్వాల్సిన నాళాలు పిండంలోనే ఎదగలేదు. నాకూ అంతే" అన్నారు మేడమ్.

ఆ సంగతి అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆ పిల్ల తలెత్తి ఆవిడను చూసింది.

మేడమ్ పోయి నాలుగేళ్లయింది. అలాంటి పిల్ల నా ఎదుట కూర్చున్న ప్రతిసారీ, పక్కన ఆవిడ ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంటుంది. నాకు తెలిసింది వైద్యం మాత్రమే.